బయాస్ అఖాతపు ఓడదొంగలు

సముద్రపు దొంగ అన్న మాట చెవిని పడగానే మన మనస్సులో ఒక చిత్రం మెదులుతుంది. నల్లని జెండా, దానిపై పుర్రె గుర్తు, తెరచాపలెత్తిన ఓడ, కత్తి నోట కరచుకొని తాడు పట్టి ఎగబ్రాకే మనిషి. బాలల కథల నుండి, సినిమాల నుండి మనకు సంక్రమించిన చిత్రమిది. తెలుగులో మనం అతనిని ఓడదొంగ అంటాము. మా ఉర్దూ విభాగపు మిత్రులు బహ్రీ కజ్జాక్ అంటారు. కజ్జాక్ అన్నది తుర్కీ భాష నుండి వచ్చిన మాట. ఏ ప్రభువుకూ లోబడక స్వేచ్ఛగా సంచరించేవాడని దాని తొలి అర్థం. రష్యా దేశపు కొసాక్కుల పేరు కూడా ఆ మాట నుండియే పుట్టినది.

మేము ఈ వ్యాసంలో పరిచయం చేయదలచిన దొంగలు పై చిత్రంలో ఒదగరు. వారికి సొంత ఓడ లేదు, నల్లజెండా అసలే లేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో దక్షిణ చైనా సముద్రంలో వారు వర్తకపు స్టీమర్లను ఎక్కిన విధమేమనగా, రేవులో టికెట్టు కొని, మూట భుజాన వేసుకొని, తోటి ప్రయాణికులతో పాటు నిచ్చెన మెట్ల మీదుగా ఎక్కినారు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "టికెట్టు కొన్నవాడు ఓడదొంగ ఎట్లా అవుతాడు సార్, మామూలు దొంగే కదా?" అని అడిగినాడు. తరగతి నవ్వినది గాని, ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. పెద్ద పెద్ద న్యాయమూర్తులు, అంతర్జాతీయ సభలు తలలు బద్దలు కొట్టుకొన్న ప్రశ్న అది. దాని వద్దకు వ్యాసం చివర వస్తాము.

హాంగ్‌కాంగ్‌కు ఈశాన్యంగా, సముద్ర మార్గాన సుమారు 65 మైళ్ళ దూరాన, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు తీరంలో ఒక అఖాతం కలదు. చైనీయులు దానిని దాయా అఖాతమని పిలుస్తారు. ఆంగ్లేయుల పటాలలో దాని పేరు బయాస్ బే. చుట్టూ కొండలు, లోపల లంగరు వేయుటకు అనువైన నీరు, ఒడ్డున చేపలు పట్టే పల్లెలు. 1920ల నాటికి ఈ అఖాతం పేరు వింటే ఓడల కంపెనీలు, బీమా కంపెనీలు ఉలిక్కిపడేవి.

దోపిడీ జరిగే తీరు దాదాపు ప్రతిసారీ ఒక్కటే. పది మంది మొదలు నలభై మంది వరకు గల ముఠా షాంఘై, అమోయ్, హాంగ్‌కాంగ్ వంటి రేవులో డెక్కు ప్రయాణికులుగా ఓడ ఎక్కుతుంది. కొందరు పై తరగతి టికెట్టు కొని, మంచి దుస్తులు ధరించి, వ్యాపారస్థుల వలె కూర్చుంటారు. పిస్తోళ్ళు సామానులో దాగి ఉంటాయి, లేదా ఓడ పనివారిలో ఒకరి సహాయంతో ముందే లోపలికి చేరి ఉంటాయి. అంతకు మునుపే వారిలో కొందరు అదే ఓడలో ప్రయాణం చేసి, అధికారులు ఎప్పుడు భోజనానికి కూర్చుంటారు, కాపలా ఎప్పుడు మారుతుంది, డబ్బు గది ఎక్కడ ఉన్నది అన్న విషయాలన్నీ గమనించి పోయి ఉంటారు. పరీక్షకు ముందు మన విద్యార్థులు ఇంత శ్రద్ధగా సిద్ధమైతే బాగుండునని మాకు అనిపించినది!

ఓడ నడిసముద్రం చేరిన తరువాత ఒక సంకేతం. క్షణాలలో చుక్కాని ఉండే పై బ్రిడ్జి, ఇంజను గది, వైర్‌లెస్ గది, అధికారుల గదులు ఒకేసారి వారి వశమవుతాయి. కప్తాను తలకు పిస్తోలు ఆనించి, ఓడను బయాస్ అఖాతానికి మళ్ళించమంటారు. దీపాలు ఆర్పిస్తారు. దారిలో ఎదురయ్యే ఓడలు గుర్తుపట్టకుండా ఒక్కొక్కప్పుడు పొగగొట్టం రంగు మార్చి, ఓడ పేరు కూడా మార్చి వ్రాస్తారు. ప్రయాణికుల పెట్టెలు, నగలు, కోట్ల జేబులు అన్నీ తీరికగా సోదా చేస్తారు. అఖాతంలో లంగరు పడగానే ఒడ్డు నుండి సంపాన్లు అనే చిన్న పడవలు వస్తాయి. సరుకుతో పాటు ధనవంతులుగా తోచిన ప్రయాణికులను కూడా దించుకొని పోతారు. వారి కుటుంబాలకు విడుదల ధనం కోరుతూ కబురు పోతుంది. ఖాళీ అయిన ఓడ తిరిగి హాంగ్‌కాంగ్ చేరి మొర పెట్టుకొనేసరికి దొంగలు కొండల వెనుక పల్లెలలో కలిసిపోయి ఉంటారు.

చైనా తీరానికి ఓడదొంగలు కొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో జెంగ్ యీ భార్య అన్న పేరుతో ప్రసిద్ధి కెక్కిన స్త్రీ వందల కొలది పడవలతో సామ్రాజ్యపు నౌకాదళాన్నే ఎదిరించి, 1810లో క్షమాభిక్ష పొంది లొంగిపోయినది. ఆ తరువాత ఆవిరి ఓడలు వచ్చినవి. గాలితో నడిచే జంకు పడవ ఆవిరి ఓడను తరిమి పట్టలేదు. బయటి నుండి పట్టజాలని ఓడను లోపలి నుండి పట్టవలెనన్న ఆలోచన ఇక్కడి నుండి బయలుదేరినది. 1890 డిసెంబరు 10వ తేదీన హాంగ్‌కాంగ్ నుండి స్వాటౌకు బయలుదేరిన నమోవా అనే స్టీమరుపై జరిగిన దాడి ఈ పద్ధతికి పాత ఉదాహరణ. విదేశాలలో ఏళ్ళ తరబడి కూలి చేసి, కూడబెట్టిన సొమ్ముతో ఇంటికి తిరిగి వస్తున్న చైనీయులు ఆ ఓడలో ఎందరో ఉన్నారు. వారే దోపిడీకి గురి అయినారు. కప్తాను చంపబడినాడు. మరుసటి ఏడు కౌలూన్ సముద్రపు ఒడ్డున నేరస్థుల శిరచ్ఛేదం జరిగినది. ఆ దృశ్యపు ఛాయాచిత్రం ప్రపంచమంతటా తిరిగినది. నల్లమందు, పట్టు వస్త్రం పోయినట్లు కాదు, గల్ఫు నుండి తిరిగివచ్చే మన ఇరుగుపొరుగు వారి పెట్టెలు దారిలో పోయినట్లు ఊహించుకొంటే ఆ దోపిడీ స్వభావం మన విద్యార్థులకు బోధపడుతుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వ్యాధి ఎందుకు ముదిరినది? చైనాలో 1911 విప్లవం రాచరికాన్ని కూల్చినది గాని, దాని స్థానంలో బలమైన ప్రభుత్వాన్ని నిలుపలేకపోయినది. 1916 తరువాత రాష్ట్రాలను సేనానులు పంచుకొన్నారు. జీతం అందని సైనికుడు తుపాకీతో పాటు ఇంటి దారి పట్టినాడు. తీరప్రాంతంలో ఆయుధాలకు కొరత లేదు, అన్నానికే కొరత. పైగా ఒక ఓడరేవులో ఒక చట్టం, పక్క రేవులో మరొక చట్టం. హాంగ్‌కాంగ్ బ్రిటిషు వలస, మకావు పోర్చుగీసు వారిది, షాంఘైలో పరాయి వారి పేటలు. ఈ అతుకుల మధ్య సందులలో దొంగ సుఖంగా జీవించినాడు.

పరాయి జెండా ఎగిరే ఓడల సంగతి మరీ చిత్రమైనది. 1856 అక్టోబరులో క్యాంటన్ రేవులో చైనా అధికారులు ఓడదొంగలను వెదకుచు యారో అనే పడవ ఎక్కి దాని పనివారిని పట్టుకొన్నారు. ఆ పడవ హాంగ్‌కాంగ్‌లో నమోదైనది కనుక మా జెండాకు అవమానం జరిగినదని బ్రిటిషు వారు యుద్ధానికి దిగినారు. అదే రెండవ నల్లమందు యుద్ధానికి నాంది. ఆనాటి క్యాంటన్ రాజప్రతినిధి యే మింగ్‌చెన్‌ను బంధించి మన కలకత్తాకు తెచ్చినారు. ఆయన 1859లో అక్కడే మరణించినాడు. దొంగలను పట్టబోయిన ప్రభుత్వమే దండన పొందిన తరువాత, చైనా తీరంలో పోలీసు పని ఎవరిది అన్న ప్రశ్నకు సూటి సమాధానం లేకుండా పోయినది. 1906 జూలైలో పశ్చిమ నదిపై సైనామ్ స్టీమరును దోచి ఒక మిషనరీ వైద్యుని చంపినప్పుడు బ్రిటిషు వారు ఆ నదిలో తమ యుద్ధపు పడవలతో గస్తీ ఆరంభించినారు. దానికి నిరసనగా 1907లో క్యాంటన్ వర్తకులు స్వయంపరిపాలన సంఘాన్ని స్థాపించినారు. దొంగల భయం వర్తకులకే ఎక్కువ. అయినను తమ నదిలో పరాయి వారి గస్తీని వారు సహించలేదు. మన స్వాతంత్ర్య పోరాటం చదివిన వారికి ఈ మనఃస్థితి వింతగా తోచదు.

1925 జూన్ నుండి 1926 అక్టోబరు వరకు హాంగ్‌కాంగ్‌పై క్యాంటన్ కార్మికుల సమ్మె, బహిష్కరణ సాగినవి. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు కూడా నిలిచిపోయినవి. దొంగల పంట పండినది ఆ సంవత్సరాలలోనే.

ఇక ఈ వ్యాసానికి ప్రాణమైన విషయానికి వస్తాము. ఓడను ఎట్లు కాపాడవలెను? కంపెనీలకు, హాంగ్‌కాంగ్ ప్రభుత్వానికి తోచిన ఉపాయం ఇనుప కటకటాలు. బ్రిడ్జిని, అధికారుల గదులను, ఇంజను గదిని కటకటాలతో వేరు చేసి, తలుపు వద్ద సాయుధ కాపలా ఉంచితే ఓడ పగ్గాలు దొంగలకు చిక్కవని లెక్క. లెక్క బాగుగనే ఉన్నది. అయితే దొంగలు ఎక్కడ ఉన్నారు? డెక్కు మీద, వందల మంది పేద ప్రయాణికుల నడుమ ఉన్నారు. కటకటాలకు ఒకవైపు పదిమంది అధికారులు, రెండవ వైపు దొంగలతో పాటు మిగిలిన లోకమంతా!

1914 ఏప్రిల్ 27న హాంగ్‌కాంగ్ నుండి కాంగ్‌మూన్‌కు బయలుదేరిన తాయ్ ఆన్ స్టీమరు ఈ లెక్కలోని లోపాన్ని చూపినది. దొంగలు తిరగబడగానే అధికారులు, కాపలావారు పైన నిలబడి పోరాడినారు. ధైర్యంగానే పోరాడినారు. పైకి చేరలేకపోయిన దొంగలు ఓడకు నిప్పు పెట్టినారు. సుమారు రెండువందల మంది కాలిపోయి, లేదా నీట మునిగి చనిపోయినారు. వారిలో అత్యధికులు డెక్కు ప్రయాణికులు. అదే సంవత్సరం హాంగ్‌కాంగ్ ప్రభుత్వం ఓడదొంగతనాల నివారణకు చట్టం చేసినది. అందులోనూ కాపలావారికి, కటకటాలకే పెద్దపీట.

1926 నవంబరు 15న సనింగ్ స్టీమరుపై జరిగినది దీనికంటె ప్రసిద్ధమైన పోరాటం. అమోయ్ నుండి హాంగ్‌కాంగ్ పోతున్న ఆ ఓడను దొంగలు పట్టుకొని బయాస్ వైపు నడిపిస్తున్నారు. రాత్రివేళ బ్రిడ్జిపై బందీగా ఉన్న అధికారులు సముద్రపు లోతు కొలిచే సీసపు గుండుతో కాపలా దొంగను మోది, బ్రిడ్జిని తిరిగి స్వాధీనం చేసుకొన్నారు. కొద్దిపాటి పిస్తోళ్ళతో రాత్రంతా నిలిచినారు. దొంగలు ఓడ నడుమ నిప్పు పెట్టినారు. మంట, పొగ బ్రిడ్జిపైకి రాసాగినవి. అప్పుడు ముందరి లంగరు వదలినారు. లంగరు పట్టగానే ఓడ ముఖం గాలికి ఎదురు తిరిగినది. మంట వెనుకకు, దొంగలున్న వైపుకు మళ్ళినది. ఇంగ్లండు పత్రికలు ఈ యుక్తిని వేనోళ్ళ కొనియాడినవి. మేమును ఆ సమయస్ఫూర్తిని తక్కువ చేయము. అయితే మంట మళ్ళిన ఆ వెనుక భాగంలో దొంగలు మాత్రమే ఉన్నారా అన్నది మమ్ములను వదలని ప్రశ్న. వార్తలలో అధికారుల పేర్లు ఉన్నవి. డెక్కు ప్రయాణికులకు సంఖ్యలే ఉన్నవి, పేర్లు లేవు.

కాపలావారిలో మన దేశస్థులు కూడా ఉండుట గమనించదగినది. హాంగ్‌కాంగ్ పోలీసులో పంజాబు నుండి వెళ్ళిన సిక్కులు, ముస్లిములు ఎందరో పనిచేసినారు. స్టీమర్ల మీద తుపాకీ పట్టి కటకటాల వద్ద నిలిచిన వారిలో వారును ఉన్నారు. 1930 తరువాత, విప్లవానంతరం రష్యాను విడిచి వచ్చిన మాజీ సైనికులను కూడా ఈ పనికి తీసుకొన్నారు. దొంగలు మొదట కాల్చేది కాపలావానినే. స్వదేశం నుండి వేల మైళ్ళు వచ్చి, ఎవరి సరుకునో కాపాడుతూ, ఎవరి ఆకలికో బలి అయిన ఈ మనుషుల చరిత్రను ఎవరైనా విద్యార్థి మునుముందు పరిశోధనాంశంగా తీసుకొనవలెనని మా కోరిక.

1927లో బ్రిటిషు నౌకాదళం ఓపిక నశించి మరొక మార్గం పట్టినది. మార్చి నెలలో హోప్‌సాంగ్ అనే ఓడ దోపిడీ జరిగిన వెంటనే సైనికులు బయాస్ తీరాన దిగి పడవలను, ఇళ్ళను తగలబెట్టినారు. దొంగ ఎవరో తెలియక ఊరిని శిక్షించుట అన్నమాట. దాని ఫలితమేమి? జూలైలో నార్వే దేశపు సోల్వికెన్ స్టీమరు చిక్కినది, దాని కప్తాను హతుడైనాడు. ఆగస్టు నెలాఖరులో యాట్షింగ్ చిక్కినది. సెప్టెంబరులో మరల తీరంపై దాడి. అక్టోబరులో ఐరీన్! పడవ కాలిన జాలరికి మిగిలిన వృత్తి ఏదో ఊహించుట కష్టం కాదు.

ఐరీన్ చైనా వర్తక కంపెనీకి చెందిన స్టీమరు. దొంగల చేతిలో పడి అఖాతంలో ప్రవేశిస్తుండగా ఎల్-4 అనే బ్రిటిషు జలాంతర్గామి అడ్డగించి ఆగమన్నది. ఆగలేదు. ఫిరంగి పేలినది. ఓడకు నిప్పంటుకొన్నది. జలాంతర్గామి వారు మంటల పక్కకే చేరి రెండువందల మందికి పైగా కాపాడినారు. ఆ సాహసం నిజం. కొందరు ప్రయాణికులు చనిపోయిన మాటయు నిజం, ఓడ నాశనమైన మాటయు నిజం. కాపాడవలసిన ఓడను కాల్చుట రక్షణయా అని చైనాలో అడిగినారు. ఆనాడు పేల్చకుంటే తరువాతి ఓడ కూడా పోయేదని బ్రిటిషు వారు అన్నారు. ఈ రెండింటిలో ఏది సబబు అన్న విషయంపై మా తరగతి రెండుగా చీలినది. మాకు మొదటి ప్రశ్నయే బలమైనదిగా తోచినది.

అన్ని ఘటనలును ఇంత విషాదంగా ముగియలేదు. 1935 జనవరి 29న షాంఘై నుండి చీఫూకు బయలుదేరిన టుంగ్‌చౌ స్టీమరులో మిషనరీ పాఠశాలకు తిరిగిపోతున్న పిల్లలు సుమారు 70 మంది ఉన్నారు. దొంగలు ఒక రష్యను కాపలావానిని చంపి ఓడను పట్టుకొని, పొగగొట్టం రంగు మార్చి దక్షిణానికి నడిపినారు. ఓడలో బ్యాంకు నోట్లున్నవని వారికి తెలియును. నోట్లు దొరికినవి కూడా. కాని అవి బ్యాంకు వారి సంతకాలు ఇంకా పడని నోట్లు, చిత్తుకాగితాలతో సమానం! సరుకులోని నారింజపండ్లను దొంగలు పిల్లలకు పంచినారట. హెర్మిస్ అనే నౌక నుండి ఎగిరిన విమానాలు బయాస్ అఖాతంపై కనబడగానే దొంగలు ఒడ్డుకు పారిపోయినారు. పిల్లలు ఒక్కరు కూడా గాయపడకుండా హాంగ్‌కాంగ్ చేరినారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ విషయంపై చదవబోయిన వారికి మొదట దొరికేది 1930లో అలెకో లిలియస్ అనే విలేఖరి ప్రచురించిన పుస్తకం. మకావులో లాయ్ చోయ్ సాన్ అనే దొంగల రాణితో తాను ప్రయాణించినానని ఆయన వ్రాసినాడు. చదువుటకు మహా రంజుగా ఉంటుంది. అయితే ఆ రాణి ఉనికిని ఆయన మాట తప్ప రూఢిపరచే ఆధారం చరిత్రకారులకు దొరకలేదు. రంజుగా ఉన్న సాక్ష్యాన్ని రెండుమార్లు పరీక్షించవలెను.

ఇప్పుడు వెనుక బల్ల విద్యార్థి ప్రశ్న. 1931 జనవరిలో రెండు జంకు పడవలలోని సాయుధులు నడిసముద్రంలో ఒక సరుకు పడవను తరిమి కాల్పులు జరిపినారు. ఇతర ఓడలు అడ్డుపడుటచే ఏమీ దోచలేకపోయినారు. హాంగ్‌కాంగ్ కోర్టు, దోపిడీ జరుగనిదే ఓడదొంగతనం కాదని వారిని విడిచిపెట్టినది. ఈ ధర్మసందేహాన్ని లండనులోని ప్రివీ కౌన్సిలుకు నివేదించగా, 1934లో ఆ న్యాయమూర్తులు ప్రపంచ గ్రంథాలన్నీ తిరగవేసి, దోపిడీ పూర్తి కానక్కర లేదు, విఫలమైన ప్రయత్నం కూడా ఓడదొంగతనమే అని తేల్చినారు. విడుదలైన వారిని మాత్రం ఆ అభిప్రాయం తిరిగి బోనెక్కించలేదు.

అయితే టికెట్టు కొన్నవాని సంగతి? 1958 జెనీవా ఒడంబడికయు, 1982 సముద్ర చట్టపు ఒడంబడికలోని 101వ అధికరణమును ఓడదొంగతనాన్ని నిర్వచిస్తూ, ఒక ఓడలోనివారు మరొక ఓడపై నడిసముద్రంలో చేసే దాడి అని చెప్పినవి. అనగా రెండు ఓడలు కావలెను. ఈ కొలబద్దతో కొలిస్తే సనింగ్‌ను, టుంగ్‌చౌను పట్టినవారు అంతర్జాతీయ న్యాయం దృష్టిలో ఓడదొంగలు కారు! నవ్విన తరగతి తప్పు, అడిగిన విద్యార్థి ఒప్పు. 1985లో అకిలీ లౌరో అనే ఇటలీ ఓడను ప్రయాణికులుగా ఎక్కిన సాయుధులు పట్టుకొన్న తరువాతనే ఈ లోటు మరల అందరి కంటబడినది. దానిని పూరించుటకు 1988లో రోము నగరంలో వేరొక ఒడంబడిక కుదిరినది. మన దేశపు 2022 నాటి సముద్ర చౌర్య నిరోధక చట్టం కూడా ప్రధానంగా 1982 నిర్వచనాన్నే అనుసరించినది.

1938 అక్టోబరు 12న జపాను సేనలు క్యాంటన్‌ను పట్టుటకై దిగినది ఈ బయాస్ తీరాననే. దానితో దొంగల స్థావరం చెదరినది. యుద్ధం ముగిసిన పిమ్మట 1947 డిసెంబరులో వాన్ హ్యూట్స్ అనే డచ్చి ఓడను పాత పద్ధతిలోనే పట్టి అదే అఖాతానికి నడిపినారు. నేడు ఆ ఒడ్డున 1994 నుండి విద్యుత్తునిస్తున్న అణుకేంద్రం నిలిచి ఉన్నది.

ఆ విద్య సముద్రంతో ఆగలేదు. 1948 జూలై 16న మకావు నుండి హాంగ్‌కాంగ్‌కు ఎగిరిన మిస్ మకావు అనే నీటి విమానంలో టికెట్లు కొన్న ప్రయాణికులుగా నలుగురు ఎక్కినారు. లోపలి ధనవంతులను దోచి, విడుదల ధనం రాబట్టవలెనని వారి పథకం. పెనుగులాటలో పైలటుకు గుండు తగిలి విమానం సముద్రంలో కూలినది. 26 మందిలో బ్రతికినవాడు ఒక్కడు. ఆ ఒక్కడు దొంగలలోనివాడే. ఆసుపత్రిలో అతడే జరిగినదంతా చెప్పినాడు. అయితే ఘటన గాలిలో జరిగినది, విమానం బ్రిటిషు వారిది, ఎక్కిన చోటు పోర్చుగీసు వారిది, కూలిన చోటు చైనా జలాలలో. తనకు అధికారం లేదని మకావు అన్నది, తనకును లేదని హాంగ్‌కాంగ్ అన్నది. విచారణ లేకుండానే 1951 జూన్ నెలలో అతనిని విడిచిపెట్టినారు.